నల్ల వాసాలు

మునెయ్య చూపించిన ఇంటికి రెండు తలుపులున్నాయి. ఒకదానికి తాళం వేసి ఉంది. రెండోదాని గొళ్ళేనికి తాడు ముడేసి ఉంది. అల్లాబక్షు పనిముట్ల గోతం భుజం మీది నుంచి దించి, వాకిట్లో నిలబడి ఇంటిని ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. విప్పే ముందు ఇంటిని కళ్ళారా చూసుకోవడం అతని అలవాటు. ఎక్కడ మొదలుపెట్టి కట్టారో కనిపెడితే ఎక్కడ మొదలుపెట్టి విప్పాలో తెలుస్తుంది.

అతనిది మైపాడు పక్క పల్లె. ఆ పక్క ఇళ్ళన్నీ తాటి దూలాలు, సరుగుడు వాసాలు, తాటాకు కప్పు. ఉప్పుగాలికి మేకులు తుప్పుపట్టి రాలిపోతాయి. చెదలు వాసాలను లోపల్లోపలే తినేస్తాయి. అందుకే ఊళ్ళో పెద్ద రైతు చెంచురామయ్య కొత్త ఇల్లు తలపెట్టినప్పుడు కొండ కలప మీద మనసుపడ్డాడు. వెలిగొండల కింద, రాపూరు దాటి అడవిదోవన నడిచిపోతే వచ్చే పల్లెలో తాతలనాటి ఇల్లొకటి ఉందనీ, నిండా చెదలంటని నారేపి కలపనీ, మునెయ్య అనే ఆయన అమ్మేస్తాడనీ ఎవరో చెప్పారు. బేరం కుదిరింది. ఇల్లు విప్పే పని అల్లాబక్షుకు అప్పజెప్పి రాపూరు బస్సెక్కించాడు చెంచురామయ్య.

ఇల్లు కొండవాలుకు వీపు ఆనించి కూర్చున్నట్టుంది. గోడలు కొండరాళ్ళను అడుసు పెట్టి పేర్చినవి. చెయ్యి చాపితే ఆ దరి అందనంత మందం. వెనక గోడ మూలలు పలకగా కాక గుండ్రంగా తిప్పారు, వానాకాలం కొండ మీది నుంచి వచ్చిపడే నీళ్ళు ఇంటిని తాకి రెండుగా చీలి పోయేందుకు. కప్పు బోద గడ్డి. ఏటేటా పాతదాని మీదే కొత్తది పరుస్తూ పోయారు గనుక పరుపంత మందాన ఉంది. చూరు ఎంత కిందికి దిగిందంటే వంగకుండా ఎవరూ లోపల అడుగు పెట్టలేరు. లోపల ఒక కొసన పశువుల గాడి, పైన అటక. చలికాలంలో గొడ్ల వెచ్చదనం మనుషులకు పనికొస్తుంది, పొయ్యి పొగ అటక మీది వరిగలకు పురుగు పట్టనివ్వదు. అన్నిటికీ పైన, నిట్రాళ్ళనే నిలువు స్తంభాల తలల మీద, ఇంటి పొడవునా ఒకే దూలం. ఎక్కడా అతుకు లేదు. అల్లాబక్షు అటక మీద పాక్కుంటూ పోయి దాని మీద చెయ్యి రాసి చూసుకున్నాడు. ఇలాంటి మాను అతను చూడలేదు.

దూలానికి సరిగ్గా సగంలో, నడిమి నిట్రాటిని కలుపుకుంటూ ఒక అడ్డగోడ ఉంది. గోడ తలెత్తు దాకానే. ఆ పైన కప్పు దాకా మట్టి మెత్తిన తడిక. తాళం తీసిన వైపు ఖాళీ. మునెయ్య ఈ మధ్యనే కింద ఊళ్ళో రోడ్డు పక్కన పెంకుటిల్లు కట్టుకుని సంసారాన్ని అక్కడికి మార్చాడు. గాడిలో ఎండిన పేడ, ఒక మూల విరిగిన గుంటక తప్ప ఏమీ లేవు. వాళ్ళ వంట ఎప్పుడూ దొడ్డి పంచలోనేనట. వాసాలు గోధుమరంగులో ఉన్నాయి.

తాడు ముడి విప్పి రెండో వైపు అడుగు పెట్టాడు అల్లాబక్షు. అక్కడ కళ్ళు చీకటికి అలవాటు పడటానికి కాస్త సేపు పట్టింది. పొయ్యి అలికి ముగ్గేసి ఉంది. పక్కన పిడకలు ఒద్దికగా పేర్చి ఉన్నాయి. ఉట్టిలో బోర్లించిన కుండలు, దండెం మీద మడతపెట్టిన కోక. పైన వాసాలూ అటకా పొగకు నల్లబారి నిగనిగలాడుతున్నాయి.

"ఈ పక్క ఎవురుండారు?" అని అడిగాడు.

మునెయ్య వాకిట్లో నుంచే జవాబిచ్చాడు. తమ్ముడి పెళ్ళాం ఉండేదనీ, తమ్ముడు పోయి చాలా కాలమైందనీ, ఆమె కూతురి కాన్పుకని వెళ్ళి ఇక అక్కడే ఉండిపోయిందనీ చెప్పాడు. సామాను వేపచెట్టు కింద పెట్టిస్తే తాను చేరుస్తానన్నాడు.

అల్లాబక్షు పొయ్యి వైపు మళ్ళీ చూశాడు. ఉండిపోయే మనిషి పొయ్యి అలికి, ముగ్గేసి, పిడకలు పేర్చి పోతుందా అనిపించింది. అడగబోయి ఆగిపోయాడు. అమ్మింది మునెయ్య, కొన్నది చెంచురామయ్య. తాను విప్పడానికి వచ్చినవాడు. కుండలు ఒక్కొక్కటే దించి చెట్టుకింద పెట్టించి, నిచ్చెన వేయించాడు.

ఆ ఇంట్లో ఇనప మేకు అన్నది లేదు. అంతా చెక్క చీలలు, అడవి నార. అల్లాబక్షు నార కోసి, చీలను వెనక నుంచి కొడతితో తట్టి బయటికి తీసుకున్నాడు. ఒక్క చీలా విరగలేదు. తీసిన చీలలన్నీ గోనెసంచిలో పోసి మూతి కట్టాడు. దూలం దించేటప్పుడు పల్లె మగవాళ్ళు వచ్చి మోకులు పట్టారు గానీ ఎవరూ నోరు విప్పలేదు. మునెయ్య బీడీకట్ట చాపితే అందుకోలేదు. కొండమనుషుల తీరే ఇంతేమో అనుకున్నాడు అల్లాబక్షు. రాపూరు నుంచి బండ్లవాడు వెంకయ్య కిరాయి బండ్లు తోలుకొచ్చే వేళకు రాతిగోడలు మాత్రం నెత్తిన ఆకాశం పెట్టుకుని నిలబడి ఉన్నాయి. దూలం ఎట్లా కట్టాలో బండ్లవాళ్ళకు చెప్పి, అతను బస్సు కోసం ముందుగా నడిచి వెళ్ళిపోయాడు.

*

బండ్లు పొదలకూరు మీదుగా నెల్లూరు దాటి, మైపాడు రోడ్డున పడి ఊరు చేరాయి. చెంచురామయ్య కొత్త ఇంటి గోడలు అప్పటికే నిలబడ్డాయి. సమాధానం అనే తాపీమేస్త్రి కిటికీల పై వరస కడుతున్నాడు. కలప దించడానికి అందరూ బండ్ల చుట్టూ చేరారు. చివరి బండిలో, వాసాల మోపుల మీద, ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. పొడుగాటి మనిషి, ఎండిన చేతులు, ఒళ్ళో మూట.

వెంకయ్య చెంచురామయ్య దగ్గరికి వచ్చి సంజాయిషీ చెప్పుకున్నాడు. బండ్లు కదిలే పొద్దున ఆమె కూతురి ఊరి నుంచి తిరిగొచ్చిందట. మొండిగోడల చుట్టూ ఒకసారి తిరిగిందట. ఎవరినీ ఏమీ అడగకుండా వచ్చి బండెక్కి కూర్చుందట. దిగమంటే దిగలేదు. ఆడమనిషిని చెయ్యి పట్టి లాగేదెట్లా అన్నాడు.

ఆమె బండి దిగి, కోక సర్దుకుని, ఎవరు ఆసామో తేల్చుకున్నట్టు చూసి చెంచురామయ్య ఎదురుగా వచ్చి నిలబడింది.

"నా పేరు పెంచలమ్మ. ఈ కలపలో సగం నాదయ్యా. నేనమ్మలేదు."

చెంచురామయ్య కోపిష్టి కాడు. ఓపికగానే చెప్పాడు. తాను మునెయ్య దగ్గర కొన్నాడు, ఏదైనా ఉంటే మునెయ్యను అడగాలి, అక్కడ పెద్దమనుషులుంటారు, కోర్టులున్నాయి. కావాలంటే ఆడమనిషి గనుక ఆమెకూ కొంత ముట్టజెపుతానన్నాడు. పెంచలమ్మ అంతా విని తల అడ్డంగా ఊపింది.

"డబ్బు తీసుకోని యాడుండేదయ్యా. ఇల్లుంటేనే నా చేను నాది. ఇల్లు లేదంటే, కూతురి పంచన పడుండే ముండమోపికి చేనెందుకని మా బావ కాడి కట్టుకోని దిగతాడు. ఇల్లమ్మింది దానికే. వానలు పడేలోగా నాకు పైకప్పు పడాల."

చెంచురామయ్య నవ్వాడు. పొద్దు వాలింది గనుక ఈ రాత్రికి ఎక్కడైనా పడుకోనిచ్చి, రేపు బస్సెక్కించమని అల్లాబక్షుకు చెప్పి వెళ్ళిపోయాడు. అల్లాబక్షు ఆమెను తన ఇంటికి తీసుకుపోయాడు. అతని భార్య మెహబూబున్నీసా అరుగు ఊడ్చి చాప వేసింది, అన్నం పెట్టింది. ఇల్లు విప్పింది ఎవరన్న మాట ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పెంచలమ్మ బస్సెక్కలేదు. అల్లాబక్షు పనిలోకి వచ్చేసరికి కలప కుప్ప రెండు కుప్పలై ఉంది. ఒకటి గోధుమరంగు, ఒకటి నలుపు. మోయగలిగినవన్నీ ఆమె ఒక్కతే ఈడ్చి వేరుచేసింది. నల్లకుప్ప మీద తన తలుపు ఆనించి పెట్టింది. మధ్యలో దూలం మాత్రం దించిన చోటే ఉంది. తర్వాత వెళ్ళి సమాధానం దగ్గర అడుసు తొక్కడానికి దిగింది. కూలి కోసం కాదని చెప్పింది, ఊరికే కూర్చోలేక అంది.

సాయంత్రం చెంచురామయ్య మనుషులు రెండు కుప్పలూ కలిపేశారు. పొద్దున్నే మళ్ళీ రెండయ్యాయి. మైపాడు నుంచి చేపలగంపలు నెత్తిన పెట్టుకుని నడిచిపోయే ఆడవాళ్ళు రోడ్డు పక్కన ఆగి, అదేందని అడిగారు. పెంచలమ్మ చెప్పింది. వాళ్ళు గంపలు దించుకుని కూర్చుని విన్నారు. ఆ మాట చేపలతోపాటు నెల్లూరు దాకా వీధి వీధీ తిరిగింది.

ఆ పూట పెంచలమ్మ చీలల సంచి మూతి విప్పి చూసుకుంటూ, చిత్రిక బల్ల దగ్గరున్న అల్లాబక్షుతో అంది.

"ఇప్పినాయన ఎవురో గానీ పనిమంతుడన్నా. ఒక్క చీల ఇరగ్గొట్టలేదు. మా మామ చెక్కిన చీలలియ్యి."

అల్లాబక్షు తల ఎత్తలేదు. ఔనన్నట్టు ఏదో గొణిగాడు.

*

రెండు కుప్పల సంగతి నలుగురి నోళ్ళలో పడేసరికి చెంచురామయ్యకు చిరాకు పుట్టింది. ఒక మధ్యాహ్నం అల్లాబక్షును పక్కకు పిలిచాడు.

"ఆ నల్లవి ముందు చిత్రిక పట్టెయ్ సాయిబూ. ఆ మసి నా గోడల మీద రాలితే బాగుండదు."

మసి రాలేది కాదని అల్లాబక్షుకు తెలుసు. ఎన్నో ఏళ్ళుగా పట్టిన పొగ అది, కలపలోకే ఇంకిపోయింది. నలుపు పోతే ఏ వాసం ఎవరిదో చెప్పేవాళ్ళుండరు. అయినా యజమాని చెప్పిన పని. ఒక వాసాన్ని బల్ల మీదికి ఎత్తి చిత్రిక ఆనించాడు. నల్లటి పేళ్ళు సుళ్ళు తిరిగి కింద పడ్డాయి. లోపలి నుంచి ఎర్రటి చేవ బయటపడింది, నెయ్యి రాసినట్టు. ఒకటి అయ్యాక ఇంకొకటి ఎత్తాడు. కలప మంచిదైతే చేతికి పని తెలియదు. ఇంకో సమయంలో అయితే ఆ పనికి సంతోషపడేవాడు.

పెంచలమ్మ అడుసు కాళ్ళతోనే వచ్చి బల్ల దగ్గర నిలబడింది. వద్దనలేదు. వంగి ఒక పేడు తీసుకుని వేళ్ళ మధ్య విరిచి చూసింది.

"దీనిలో పైపొరే నాదన్నా. కిందదంతా మా అత్తది, వాళ్ళత్తది" అని, పేడు కిందపడేసి మళ్ళీ పనిలోకి పోయింది.

అల్లాబక్షు చిత్రిక బోర్లించి అలుగు ఊడదీశాడు. మొక్కపోయిందన్నాడు, ఎవరూ అడగకపోయినా. పొద్దు వాలేదాకా సానరాతి మీద దాన్ని నూరుతూనే కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక్క వాసమూ బల్ల ఎక్కలేదు.

ఇంటికొచ్చి అన్నానికి కూర్చుంటే మెహబూబున్నీసా విసనకర్ర పట్టుకుని ఎదురుగా కూర్చుంది. అరుగు మీద పెంచలమ్మ ఆ ఇంటి బియ్యమే చేటలో పోసుకుని చెరుగుతోంది.

"ఇప్పింది నువ్వేనని ఆమెకు చెప్పినావా?" అని మెల్లగా అడిగింది మెహబూబున్నీసా.

లేదన్నాడు.

"పొద్దస్తమానం మనింట్లో చీపురూ చేటా వదలదు. ఆమె ముఖం చూస్తుంటే నాకు ముద్ద దిగేది లేదు. నువ్వన్నా చెప్పు, లేకపోతే నేను చెప్తా."

తానే చెబుతానన్నాడు అల్లాబక్షు. కానీ ఆ పూట చెప్పలేదు.

పెంచలమ్మ మాత్రం ఊరుకోలేదు. ఊళ్ళో తగవులు తీర్చే పెద్దమనిషి ముత్యాలయ్య ఇల్లు ఎక్కడో చేపల ఆడవాళ్ళను అడిగి తెలుసుకుంది. ఒక్కతే పోయి ఆయన గడప ముందు నిలబడింది. పంచాయతీ సమితులూ ఎన్నికలూ కొత్తగా వచ్చిన రోజులవి. ముత్యాలయ్యకు పదవి ఏదీ లేదు గానీ ఆయన మాటను చెంచురామయ్య కూడా కాదనలేడు. వరసకు మేనమామ. రేపు పొద్దున వచ్చి కలపను కళ్ళతో చూసి చెబుతానన్నాడు ఆయన.

ఆ సంగతి తెలిసిన చెంచురామయ్య అల్లాబక్షు ఇంటిదాకా నడిచి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. అల్లాబక్షు వీధిలోకి ఎదురెళ్ళాడు.

"నిన్ను అబద్ధం చెప్పమనటం లేదు సాయిబూ. దూలం ఒకటే గదా, కప్పు ఒకటే గదా? అదొక్కటీ చెప్పు చాలు. ఒక ఇంటిని పెద్దోడు అమ్మినాడు, నేను కొన్నా."

"అట్నేనయ్యా" అన్నాడు అల్లాబక్షు.

*

ముత్యాలయ్య చేతికర్రతో వచ్చి, పనిపందిట్లో వేసిన మంచం మీద కూర్చున్నాడు. సమాధానమూ కూలీలూ పని ఆపి గోడ నీడకు చేరారు. వెంకయ్య తిరుగు బండ్లకు ఉప్పు, ఎండుచేపలు ఎత్తించుకుంటూ ఉన్నవాడు వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు. ముత్యాలయ్య ముందుగా చెంచురామయ్యను చెప్పమన్నాడు, తర్వాత పెంచలమ్మను. ఆమె చెప్పిందల్లా మొదటి రోజు చెప్పినదే. ఒక్క మాట పెరగలేదు. అప్పుడు ఆయన, ఇంటిని కళ్ళారా చూసిందెవరని అడిగాడు.

అల్లాబక్షు పైగుడ్డ తీసి చేత్తో పట్టుకుని ముందుకొచ్చాడు.

"దూలం ఒకటే. కప్పు ఒకటే" అన్నాడు.

చెంచురామయ్య మామ వైపు చూశాడు. ఇక అయిపోయిందనుకుని అందరూ కదలబోయారు. అల్లాబక్షు మాత్రం నిలబడ్డ చోటి నుంచి కదల్లేదు.

"వాకిళ్ళు రెండు. ఒకదానికి తాళం, ఒకదానికి తాడు. ఆ తాడు ఇప్పింది నేనే. లోపల పొయ్యి అలికి ముగ్గేసి ఉండింది. పిడకలు పేర్చి ఉండినాయి, కోక మడిచి ఉండింది. తిరిగొచ్చే మనిషి ఇల్లది. చూసి కూడా పడగొట్టినా."

చివరి మాట పెంచలమ్మ వైపు తిరిగి అన్నాడు.

"తెలుసన్నా. వెంకయ్య దోవలోనే చెప్పినాడు" అంది.

అల్లాబక్షు పైగుడ్డ మళ్ళీ భుజాన వేసుకున్నాడు. వచ్చిన రోజు నుంచీ తెలిసే ఆమె తన అరుగు మీద పడుకుంది. తెలిసే చీలల సంచి విప్పి ఆ మాట అంది. అతను వెనక్కి వెళ్ళి సమాధానం పక్కన నిలబడ్డాడు.

ముత్యాలయ్య లేచి రెండు కుప్పల చుట్టూ తిరిగాడు. నల్ల వాసం ఒకదాని మీద వేలు రాసి, వేలు చూసుకున్నాడు. నలుపు వేలికి అంటలేదు. వచ్చి కూర్చుని, నల్లదంతా ఆమెదన్నాడు. చిత్రిక పట్టినవి కూడా ఆమె కుప్పలోనే వేయమన్నాడు. చెంచురామయ్యకు ఏమైనా నష్టమొస్తే మునెయ్య దగ్గర వసూలు చేసుకోవాలి.

"మరి దూలమో?" అన్నాడు చెంచురామయ్య.

అందరి కళ్ళూ దూలం మీద పడ్డాయి. చెంచురామయ్య ఆ ఇంటిని కొన్నదే దానికోసం. కొత్త ఇంటి నడవకు ఈ గోడ నుంచి ఆ గోడకు అది సరిగ్గా సరిపోతుంది. ఆ కొలతకే గోడలు లేచాయి. దానికి మాత్రం సగం నలుపు, సగం గోధుమరంగు. నడిమి నిట్రాడు మోసిన చోట రెండు రంగులూ కలిసిన గీత కూడా కనపడుతూనే ఉంది.

అంత మానును కోస్తే పాపమేనమ్మా అన్నట్టు ముత్యాలయ్య పెంచలమ్మ వైపు చూశాడు. సమాధానం కూడా, ఒక్క దూలమే గదా, వదిలేస్తే మిగతాదంతా నీకొస్తుంది గదా అని నచ్చజెప్పబోయాడు. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆ దూలం కింద బతికిన మనిషి దాన్ని ముక్కలు చెయ్యమంటుందని ఎవరూ అనుకోలేదు.

"నా సగానికి సగం దూలం చాలు. కొయ్యండి" అంది పెంచలమ్మ.

ముత్యాలయ్య తల ఊపాడు. అల్లాబక్షు ఎర్రమట్టిలో తడిపిన దారం తెచ్చి, రెండు రంగుల గీత మీద సాగలాగి వదిలాడు. గుర్తు పడింది. పెద్ద రంపం ఒక కొస తాను పట్టుకుని రెండో కొస సమాధానానికి ఇచ్చాడు. నారేపి చేవ రంపానికి అంత తేలిగ్గా లొంగేది కాదు. మొదటి లాగుళ్ళకు గీరుకుపోయి కీచుమంది. తర్వాత పళ్ళు పట్టాయి. ఎర్రటి పొట్టు ఇద్దరి పాదాల మీదా రాలింది. పెంచలమ్మ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. చెంచురామయ్య చూడలేక ఒకసారి అటు తిరిగాడు, మళ్ళీ ఇటు తిరిగాడు. రంపం వేలెడు లోతు దిగింది.

"ఆపు సాయిబూ" అన్నాడు.

రంపం ఆగింది. చెంచురామయ్య దూలం దగ్గరికి వచ్చి ఆ గాటు మీద చెయ్యి వేశాడు. ఇంకా పైకే ఉందని తడిమి చూసుకున్నాడు. తర్వాత పెంచలమ్మతో, ఈ దూలం వదిలితే ఏం కావాలో అడగమన్నాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

ఆమె ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు లేదు. తన నల్లకుప్ప వైపు ఒకసారి చూసి చెప్పింది.

"నా సగానికి చేవ తేలిన తాటిదూలం ఒకటియ్యి. ఈ కలప నా గోడల కాడికి నీ కిరాయి బండ్ల మీద చేరాల. ఇప్పినాయనే వచ్చి నిలబెట్టాల."

చెంచురామయ్య అన్నిటికీ సరేనన్నాడు. ముత్యాలయ్య కర్ర అందుకుని లేచాడు. జనం చెదిరిపోయాక చెంచురామయ్య అల్లాబక్షుతో, పోయి ఆమె ఇల్లు నిలబెట్టి రమ్మనీ, ఇక్కడి పనికి నెల్లూరు నుంచి వేరే మనిషిని మాట్లాడుకుంటాననీ చెప్పాడు. అల్లాబక్షు సరేనన్నాడు. బల్ల మీది చిత్రికలూ ఉలులూ తుడిచి గోతంలో చుట్టుకున్నాడు. కొండ కలపతో ఇల్లు కట్టే పని మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఆ నడవ తన చేతి మీదుగా లేవాలని చాలా ఆశపడ్డాడు. ఇంటికి పోయి చెబితే, మెహబూబున్నీసా దోవకు బియ్యం, ఎండుచేపలు మూటకట్టింది.

*

మొండిగోడలు వదిలిన చోటే ఉన్నాయి. వేపచెట్టు కింద కుండలూ అట్లాగే ఉన్నాయి, మునెయ్య చేర్చలేదు. బండ్లు దిగిన మర్నాడు పల్లె మగవాళ్ళు పిలవకుండానే వచ్చారు. ఇల్లు విప్పే రోజున నోరు విప్పనివాళ్ళు ఇప్పుడు ఆగకుండా మాట్లాడారు. ఏ వాసం ఎక్కడుండేదో తలా ఒకటి చెప్పారు. సగం తప్పు చెప్పారు. వాళ్ళ బీడీలు అల్లాబక్షు తాగాడు, వాళ్ళు అతని బీడీలు తాగారు.

ఇల్లు సగమే లేవాలి గనుక అడ్డగోడను కప్పు దాకా ఎత్తాల్సి వచ్చింది. అది పెంచలమ్మ చూసుకుంది. మునెయ్య వైపు గోడ నుంచి ఒక్క రాయి కూడా తీసుకోలేదు. వాగులో నుంచి మోసుకొచ్చిన రాళ్ళతోనే, పల్లె ఆడవాళ్ళు అడుసు అందిస్తుంటే వరస వరసా పేర్చుకుంటూ పోయింది. అల్లాబక్షు తాటిదూలాన్ని నిట్రాళ్ళ మీదికి ఎక్కించాడు. కొండ పల్లెలో తాటిదూలం చూసి పిల్లలు నవ్వారు. దాని మీద నల్ల వాసాలు ఒక్కొక్కటే కూర్చున్నాయి. వాటి నడుమ తాను చిత్రిక పట్టినవి ఎర్రగా, కొత్త పెళ్ళికూతుళ్ళలా కనబడ్డాయి. చీలలు పాత బొక్కల్లోకి బిగుతుగా దిగాయి.

బోద కోసి, ఆరబెట్టి, మోపులు కట్టేసరికి కొండ మీద మబ్బు కమ్మడం మొదలైంది. ఒక పొద్దున్న అందరూ కప్పు మీదే ఉన్నారు. చూరు దగ్గర రెండు వరసలే మిగిలాయి. గాలి చల్లగా తిరిగింది. అప్పుడు కింద ఊరి దోవ నుంచి మునెయ్య వచ్చాడు. ముందు కాడెద్దులు, భుజాన నాగలి. పెంచలమ్మ ఇల్లు లేస్తోందన్న మాట అతనికి చేరినట్టు లేదు. లేకపోతే, సగం ఇల్లు ఎవరు కడతారులే అనుకుని ఉంటాడు. వాకిట్లోకి వచ్చి ఆగి పైకి చూశాడు. ఎద్దులు ఆగకుండా వాకిలి పక్కనున్న చేలోకి అలవాటుగా దిగిపోయాయి.

"ఏంది సాయిబూ, పడగొట్టేదానికీ నువ్వే, కట్టేదానికీ నువ్వేనా?" అన్నాడు.

అల్లాబక్షు మోపు కోసం కిందికి వంగాడు. నిచ్చెన సగంలో పెంచలమ్మ నెత్తిన బోద మోపుతో ఉంది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమె బావ ఎదుట గొంతెత్తింది లేదు. ఏదైనా చెప్పాలంటే గోడ చాటు నుంచో, కూతురి చేతో చెప్పించేది. బండి మీద అంత దూరం పోయి ఊరుగాని ఊళ్ళో పెద్దమనుషుల ముందు నిలబడ్డ మనిషే అయినా, నిచ్చెన మీద ఆమె ఇంకో మెట్టు ఎక్కబోయి ఆగడం అల్లాబక్షు పై నుంచి చూశాడు. ఆమె మోపు అతని చేతికి అందించి, తల తిప్పి కిందికి చూసింది.

"బావా, నీ ఎద్దులు నా చేలో దిగినాయి. ఇవతలికి తోలుకో."

కప్పు మీది వాళ్ళూ కింది వాళ్ళూ పని ఆపేశారు. మునెయ్య కప్పు కేసి, దాని మీద వరసగా కూర్చున్న మగవాళ్ళ కేసి చూశాడు. వాళ్ళెవరూ చూపు తిప్పుకోలేదు. నాగలి ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకుని, చేలోకి పోయి, ఎద్దులను అదిలించి దోవ మీదికి మళ్ళించాడు. అవి తిరగడానికి మొరాయించాయి. మెడతాడు పట్టి లాగాల్సి వచ్చింది.

ఎద్దుల మెడగంటలు వాగు దాకా వినిపించాయి. మొదటి చినుకులు బోద మీద టపటపమని పడ్డాయి. అల్లాబక్షు నార ముడి బిగించి, ఇంకో మోపు కోసం కిందికి చెయ్యి చాపాడు.